మునిగిన మెరక, నిలవని రేవు: దుగరాజపట్నం తీరచరిత్రలో సముద్రగర్భం పాత్ర

వ్యాససంగ్రహం

నెల్లూరు తీరంలోని దుగరాజపట్నం ఐరోపా వర్తకుల రాతల్లో 'ఆర్మగాన్' అనే పేరుతో కనిపిస్తుంది. 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకశాలను నెలకొల్పింది. 1640లో దానిని వదిలి చెన్నపట్నానికి తరలిపోయింది. తీరానికి దూరంగా నీటి అడుగున ఉన్న మెరక ఈ రేవుకు అలల నుంచి రక్షణ కల్పించింది. చెన్నపట్నానికి అటువంటి రక్షణ లేదు. సహజరక్షణ ఉన్న చోటును వదిలి, అది లేని చోటును వర్తకులు ఎందుకు ఎంచుకున్నారన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రధానాంశం. మోటుపల్లి అభయశాసనం, 'ఉషాపరిణయం' కావ్యం, కంపెనీ చరిత్ర ఆధారంగా 'ఆశ్రయం' అనే భావనను ఇది వివరిస్తుంది. ఈ తీరపు సముద్రగర్భాన్ని స్కూబా మునక ద్వారా అధ్యయనం చేయవలసిన అవసరాన్ని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: దుగరాజపట్నం, ఆర్మగాన్, నీటి అడుగు మెరక, మోటుపల్లి శాసనం, చెన్నపట్నం, స్కూబా, జలాంతర పురావస్తుశాస్త్రం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి తీరచరిత్ర చాలావరకు గట్టుమీద నిలబడి రాసిన చరిత్ర. శాసనాలు, కోటలు, వర్తకశాలలు, దేవాలయాలు, సుంకాల పట్టికలు అందులో చోటు చేసుకున్నాయి. ఓడ ఏ నీటిలో నిలిచింది, ఆ నీటి అడుగున ఏముంది, ఏ గాలికి ఏ చోటు క్షేమం అనే ప్రశ్నలు నావికుల పటాలకూ, మత్స్యకారుల నోటిమాటకూ పరిమితమయ్యాయి. రేవు అంటే ఒడ్డున వెలసిన ఊరే అన్నట్లుగా చరిత్ర రచన సాగింది. నావికుడి దృష్టిలో మాత్రం రేవు మొదట లంగరు పట్టే అడుగునేల. ఊరు ఆ తరువాతి విషయం.

ఈ తేడా నెల్లూరు తీరంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడి తీరరేఖ దాదాపు తిన్నగా సాగుతుంది. సముద్రంలోకి చొచ్చుకువచ్చిన కొండలు గానీ, ఓడలను దాచుకోగల లోతైన అఖాతాలు గానీ లేవు. పెన్న, స్వర్ణముఖి, కండలేరు ముఖద్వారాల వద్ద ఇసుక మేటలు వేస్తుంది. దక్షిణాన శ్రీహరికోట దీవికి వెనుక పులికాట్ సరస్సు ఉన్నా, అది చిన్న పడవలకే అనువైన లోతులేని నీరు. ఇటువంటి తీరంలో దుగరాజపట్నానికి ఎదురుగా, ఒడ్డుకు కొన్ని మైళ్ళ దూరంలో, తీరానికి దాదాపు సమాంతరంగా ఒక మునిగిన మెరక ఉంది. నౌకాపటాలు దానిని 'ఆర్మగాన్ షోల్' అని పేర్కొంటాయి. ఆ మెరకకూ ఒడ్డుకూ మధ్యనున్న నీరే ఈ ఊరికి చరిత్రలో చోటు సంపాదించి పెట్టింది.

2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన వరకు దుగరాజపట్నం నెల్లూరు జిల్లాలో భాగం. అందుచేత ఈ వ్యాసంలో 'నెల్లూరు తీరం' అన్న మాటను చారిత్రకార్థంలో వాడటం జరిగింది.

2. మెరక ఇచ్చే రక్షణ: కొన్ని భౌతికాంశాలు

నీటి అడుగున కంటికి కనిపించని మెరక పైనున్న ఓడను ఎలా కాపాడుతుందన్నది ముందుగా తెలుసుకోవలసిన విషయం. అల ఉపరితలంలోనే కదులుతున్నట్లు కనిపించినా దాని చలనం లోతుకు కూడా వ్యాపిస్తుంది. నీటి లోతు అల పొడవులో సగానికి తగ్గినప్పుడు అల అడుగునేలను తాకడం మొదలవుతుంది. ఎనిమిది సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే అల పొడవు లోతైన సముద్రంలో సుమారు 100 మీటర్లు. అంటే సుమారు 50 మీటర్ల లోతు నుంచే అది అడుగు ప్రభావానికి లోనవుతుంది. లోతు ఇంకా తగ్గి, అల ఎత్తుకు దాదాపు ఒకటింబావు రెట్లకు చేరినప్పుడు అల విరుగుతుంది. మూడు మీటర్ల అల సుమారు నాలుగు మీటర్ల నీటిలో విరుగుతుందన్నమాట. ఆ విధంగా మెరకపై విరిగిన అల తన శక్తిలో అధికభాగాన్ని అక్కడే కోల్పోతుంది. మెరకకు లోపలివైపున్న నీరు అందుకే కొంత శాంతంగా ఉంటుంది.

ఉష్ణమండల సముద్రాల్లో పగడపు దిబ్బలు చేసే పని కూడా ఇదే. దిబ్బ చాటున ఉండే నిలకడ నీటిలోనే స్కూబా మునకలు నేర్పే కేంద్రాలు వెలుస్తాయి. భారతదేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా నాలుగు ప్రాంతాల్లో ఉన్నాయి. అవి కచ్ అఖాతం, మన్నారు అఖాతం - పాక్ అఖాతం, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు. నెల్లూరు తీరం ఈ జాబితాలో లేదు. పగడపు జీవులలో నివసించే సూక్ష్మశైవలాలకు సూర్యకాంతి కావాలి. నదులు తెచ్చే ఒండ్రు ఆ కాంతిని అడ్డుకుంటుంది. మంచినీరు కలిసినప్పుడు లవణీయత తగ్గుతుంది. పెన్న మొదలైన నదులు ఈశాన్య ఋతుపవనకాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఒండ్రునూ మంచినీటినీ ఈ తీరానికి చేర్చుతాయి. కాబట్టి ఇక్కడి మెరక పగడపు తోట కాదు. అయితే అలను విరిచే విషయంలో దాని పని దిబ్బ చేసే పనిని పోలినదే.

ఈ రక్షణను తొలగిస్తే ఏమవుతుందో మన్నారు అఖాతం చూపింది. అక్కడి దీవుల చుట్టూ ఉన్న పగడపు రాతిని సున్నం కోసం, కట్టడాల కోసం దశాబ్దాల తరబడి తవ్వుకున్నారు. 21 దీవులలో రెండు నీటమునగడానికి ఈ తవ్వకాలు ముఖ్యకారణమని పరిశోధకులు గుర్తించారు. నీటి అడుగున చేసే మార్పు నేలమీది మనుగడను తారుమారు చేయగలదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

3. శాసనం ఇచ్చిన ఆశ్రయం: మోటుపల్లి

సహజరక్షణ లేని తీరంలో వర్తకం ఎలా సాగిందన్న ప్రశ్నకు తెలుగు శాసనచరిత్రలో ప్రసిద్ధమైన సమాధానం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనమే అది. మోటుపల్లి నెల్లూరుకు ఉత్తరాన, నేటి బాపట్ల జిల్లాలో, బాహాటమైన తీరంలో ఉన్న రేవు. ఒక దేశం నుంచి మరొక దేశానికి పోతూ తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారని శాసనం పేర్కొంటుంది. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మానుకుని, నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకాన్ని ముప్పయింట ఒక వంతుగా నిర్ణయించాడు.

ఈ శాసనాన్ని సాధారణంగా కాకతీయుల ఆర్థికవిధానానికి నిదర్శనంగా ఉదాహరిస్తారు. సముద్రం వైపు నుంచి చూస్తే మరొక అర్థం స్ఫురిస్తుంది. తుపానులో ఓడ పగిలే తీరమిది అని రాజే అంగీకరిస్తున్నాడు. అలను ఆపే మెరక ఇక్కడ లేదు. అలకు చిక్కినవాని ఆస్తికి మాత్రం హామీ ఉంది. ప్రకృతి ఇవ్వని ఆశ్రయాన్ని రాజశాసనం ఇస్తున్నది. రెడ్డిరాజుల కాలంలో అనపోతారెడ్డి 1358లో ఇదే మోటుపల్లిలో వర్తకులకు రాయితీలు ప్రకటిస్తూ మరొక శాసనం వేయించాడు. రాజవంశం మారినా రేవు అవసరం మారలేదు. ఆశ్రయాన్ని మాటరూపంలో పునరుద్ధరించవలసి వచ్చింది.

సుంకాల పట్టికలో మరొక గమనార్హమైన అంశం ఉంది. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, పట్టునూలు, మిరియాలతోపాటు ముత్యాలు, పగడాలు కూడా అందులో ఉన్నాయి. తెలుగు కావ్యాలలో, ఆభరణాలలో, జ్యోతిషంలో ఇంత ప్రసిద్ధమైన పగడం తెలుగు తీరానికి సుంకం చెల్లించి రావలసిన సరుకు. ముత్యానిదీ అటువంటి స్థితే. మన్నారు అఖాతంలో మునకగాళ్ళు కాలికి రాయి కట్టుకుని, పైనున్న తోడుమనిషి చేతిలోని తాడును నమ్ముకుని, ఊపిరి బిగబట్టి ముత్యపుచిప్పలను తెచ్చేవారు. అక్కడ సముద్రగర్భం బతుకుతెరువైంది. కనుక దానికి పేర్లు, హద్దులు, పన్నులు ఏర్పడి రాతలోకి వచ్చాయి. నెల్లూరు తీరంలో ముత్యం దొరకలేదు. సముద్రగర్భానికి లిఖితచరిత్రలో చోటు దొరకకపోవడానికి ఇదొక కారణం.

4. ఆర్మగాన్: మెరక చాటున వర్తకశాల

ఇంగ్లీషువారు 1611లో 'గ్లోబ్' అనే ఓడలో కోరమండల తీరానికి వచ్చారు. అప్పటికే పులికాట్‌లో స్థిరపడిన డచ్చివారు వారిని అక్కడ నిలవనివ్వలేదు. ఫలితంగా వారు ఉత్తరానికి సాగి మచిలీపట్నంలో వర్తకశాల స్థాపించారు. 1613 నాటికి డచ్చివారికి పులికాట్‌లో గెల్డ్రియా కోట ఏర్పడింది. ఐరోపాలో 1619లో ఉభయుల మధ్య కుదిరిన ఒడంబడిక ప్రకారం ఇంగ్లీషువారు 1621లో పులికాట్‌లో భాగస్వాములుగా చేరారు. ఆ పొత్తు నిలవలేదు. 1623లో వారు అక్కడినుంచి వైదొలగారు.

పులికాట్‌కు ఉత్తరాన దుగరాజపట్నంలో 1626లో వర్తకశాల ఏర్పడిన సందర్భమిది. స్థలం ఇప్పించడంలో సహాయపడిన ఆరుముగ మొదలియారు అనే స్థానిక ప్రముఖుని పేరే 'ఆర్మగాన్'గా మారిందని సంప్రదాయ కథనం. మచిలీపట్నంలో గోల్కొండ అధికారుల ఒత్తిడి పెరగడంతో 1628లో అక్కడి వర్తకులు కూడా ఆర్మగాన్ చేరుకున్నారు. ఆ కాలంలో వర్తకశాల చుట్టూ 12 ఫిరంగులు, కాపలాకు వర్తకులూ సైనికులూ కలిసి 23 మంది ఉన్నట్లు కంపెనీ చరిత్రలు తెలుపుతాయి. భారతదేశంలో ఇంగ్లీషువారు కోట కట్టుకున్న తొలి స్థలంగా దీనిని చరిత్రకారులు పరిగణిస్తారు.

ఆర్మగాన్ ఎంపికలో మూడు అనుకూలతలు కలిసివచ్చాయి. మొదటిది, గోల్కొండ అధికారుల పరిధికి వెలుపల ఉండటం. రెండవది, డచ్చివారి పులికాట్‌కు దగ్గరగా ఉన్నా వారి అదుపులో లేకపోవడం. మూడవది, మెరక లోపలి నీటిలో ఓడలు సాపేక్షంగా క్షేమంగా నిలవగలగడం. ఈ మూడవ అనుకూలతను తరువాతి నావికులు ప్రత్యేకంగా గుర్తించారు. మెరకకూ తీరానికీ మధ్యనున్న ఈ లంగరుస్థలం నౌకాపటాలలో 'బ్లాక్‌వుడ్ హార్బర్' అనే పేరుతో స్థిరపడింది. 1805 నాటి ట్రఫాల్గర్ యుద్ధంలో 'యురియలస్' నౌకకు నాయకత్వం వహించి, 1819-22 మధ్య ఈస్టిండీస్ నౌకాదళానికి అధిపతిగా ఉన్న హెన్రీ బ్లాక్‌వుడ్ పేరు అది. ఇంగ్లీషు వర్తకశాల మూతపడి దాదాపు రెండు శతాబ్దాలు గడిచాక కూడా, ఆ నీటికి నావికులు 'హార్బర్' అన్న గౌరవాన్ని ఇచ్చారన్నది గమనించవలసిన విషయం. తీరంలో ఊరు క్షీణించినా మెరక తన పని మానలేదు.

అదే మెరక ప్రమాదకారి కూడా. దాని ఉనికి తెలిసినవానికి ఆశ్రయం, తెలియనివానికి ఓడను పగలగొట్టే అడ్డుగట్టు. బ్రిటిష్ కాలంలో ఈ తీరంలో నెలకొల్పిన ఆర్మగాన్ దీపస్తంభం ఓడలను మెరక విషయంలో హెచ్చరించడానికి ఉద్దేశించినదే.

5. ఆశ్రయాన్ని వదిలిన వర్తకులు

ఇంత అనుకూలత ఉన్న రేవును కంపెనీ ఎందుకు వదిలింది? కారణాలు నీటిలో కంటే నేలమీదే ఎక్కువగా కనిపిస్తాయి. కంపెనీకి కావలసినది నూలుగుడ్డ, ముఖ్యంగా ఆగ్నేయాసియాలో సుగంధద్రవ్యాలకు మారకంగా చెల్లే రకాలు. ఆర్మగాన్ పరిసరాలలో నేత, అద్దకం పనివారు అవసరమైనంతగా లేరు. స్థానిక నాయకునితో సంబంధాలు సజావుగా సాగలేదు. కోట మరమ్మతులకు ఖర్చు పెరిగింది. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా అనుగ్రహించిన 'బంగారు ఫర్మానా' వల్ల 1630ల తొలినాళ్ళలో మచిలీపట్నం మళ్ళీ ఆకర్షణీయమైంది. ఆర్మగాన్ రెండు పెద్ద రేవుల మధ్య నలిగిపోయింది.

ఆర్మగాన్ వర్తకశాల అధిపతి ఫ్రాన్సిస్ డే 1637లో దక్షిణ తీరాన్ని పరిశీలించాడు. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుని నుంచి మద్రాసుపట్నంలో స్థలం పొందాడు. ఆ ప్రాంతంలో గుడ్డ ఇతరచోట్ల కంటే నూటికి ఇరవై వంతులు చౌకగా దొరుకుతుందని డే కంపెనీకి నచ్చజెప్పాడు. కంపెనీ సరుకుకు సుంకం మినహాయింపు, రేవు ఆదాయంలో సగభాగం, కోట కట్టుకునే అనుమతి నాయకుడిచ్చిన పట్టాలోని ముఖ్యాంశాలు. 1640 ఫిబ్రవరిలో ఆండ్రూ కోగన్, డే, తదితరులు ఆర్మగాన్ నుంచి అక్కడికి తరలివెళ్ళారు.

వారు చేరుకున్న తీరానికి ఏ రక్షణా లేదు. ఓడలు దూరంగా బాహాట సముద్రంలో నిలిచేవి. సరుకూ మనుషులూ అలలమీదుగా కొబ్బరినారతో కుట్టిన మసూలా పడవల్లో ఒడ్డుకు చేరవలసి వచ్చేది. ఈ లోటును మద్రాసు రెండు శతాబ్దాలకు పైగా భరించింది. అక్కడ కృత్రిమ రేవుకు శంకుస్థాపన జరిగింది 1875లో. 1881 నవంబరు తుపాను ఆ కట్టడాన్ని తీవ్రంగా దెబ్బతీయడంతో మళ్ళీ కట్టవలసి వచ్చింది. దుగరాజపట్నం వద్ద ప్రకృతి ఉచితంగా ఇచ్చినదానిని మద్రాసు వద్ద రాతిగోడలతో కట్టుకోవడానికి ఇంత కాలం, ఇంత వ్యయం అవసరమయ్యాయి.

ఈ తరలింపును తెలుగు సాహిత్యం మరొక కోణంలో నమోదు చేసింది. దామెర్ల అంకభూపాలుడు రచించిన 'ఉషాపరిణయం' ప్రబంధం తన సోదరుడు అయ్యప్ప నాయకుడు తండ్రి చెన్నప్ప పేరుతో చెన్నపట్నాన్ని నిర్మించాడని పేర్కొంటుంది. ప్రళయకావేరికీ మైలాపూరుకూ నడుమ ఈ పట్టణాన్ని నిలపడం వల్ల అక్కడి విదేశీయుల కలహాలు అణగాయన్నది కావ్యం చెప్పే కారణం. ప్రళయకావేరి అంటే పులికాట్, డచ్చివారి స్థానం. మైలాపూరు పక్కన శాంథోం పోర్చుగీసువారి స్థానం. కంపెనీ రాతలలో డే తెలివిగా కనిపించేది ఈ కావ్యంలో నాయకరాజుల రాజనీతిగా కనిపిస్తుంది. ఏ ఒక్క కథనాన్నీ పూర్తిగా స్వీకరించనవసరం లేదు. అయితే రెండింటిలోనూ సాధారణంగా ఉన్నది ఒకటి గమనించాలి. పట్టణం పుట్టుకకు కారణంగా ఏ కథనమూ నీటిని చెప్పదు. ఒకటి గుడ్డ వెలను చెబుతుంది, రెండవది పాలకుని సంకల్పాన్ని చెబుతుంది.

మోటుపల్లి, ఆర్మగాన్, చెన్నపట్నం మూడింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే ఒక క్రమం తేటతెల్లమవుతుంది. మోటుపల్లికి మెరక లేదు, అభయం ఉంది. చెన్నపట్నానికి మెరక లేదు, పట్టా ఉంది, నేతగాళ్ళు ఉన్నారు. ఆర్మగాన్‌కు మెరక ఉంది, తక్కినవి నిలకడగా లేవు. మొదటి రెండూ తమ తమ కాలాల్లో మహాపట్టణాలయ్యాయి. మూడవది పద్నాలుగేళ్ళకే ఖాళీ అయింది. రేవు నిలబడటానికి సముద్రగర్భం ఇచ్చే రక్షణ అవసరమే కానీ అది చాలదు. ఆర్మగాన్ పతనాన్ని కేవలం కంపెనీ వర్తకుల నిర్ణయంగా కాక, మూడు రకాల ఆశ్రయాలలో, అంటే నీటి ఆశ్రయం, న్యాయ ఆశ్రయం, సంత ఆశ్రయాలలో, రెండు లోపించిన స్థితిగా అర్థం చేసుకోవడం సమంజసం.

6. బార, సీసపు గుండు, శ్వాసయంత్రం: అడుగును తెలుసుకున్న పద్ధతులు

కంటికి కనిపించని మెరకను మనుషులు ఎలా తెలుసుకున్నారు? ఐరోపా నావికులు పొడవైన తాడుకు సీసపు గుండు కట్టి నీటిలో వదిలేవారు. గుండు అడుగున ఉన్న గుంటలో కొవ్వు పూసేవారు. అడుగు తగిలినప్పుడు కొవ్వుకు ఇసుక, బురద, గవ్వముక్కలు అంటుకునేవి. తాడు లోతును, కొవ్వు అడుగునేల స్వభావాన్ని తెలిపేవి. లోతును వారు కొలిచిన 'ఫాదం' ఆరడుగుల కొలత. చాచిన రెండు చేతుల నిడివి దాని మూలార్థం. తెలుగులో దానికి సరిసమానమైన మాట 'బార'. తాడును చేతులతో లాగి లెక్కించే ప్రతి సముద్రతీర సమాజానికీ శరీరమే కొలబద్ద అయింది. పటంపై అచ్చయిన అంకె, తెప్పమీది మనిషి నోటి లెక్క ఒకే చేతుల చాపునుంచి పుట్టాయి. మొదటిది రాతలో నిలిచింది. రెండవది రాతకెక్కలేదు.

నెల్లూరు తీరంలో తరతరాలుగా చేపలు పడుతున్న పట్టపువారు మొదలైన సమాజాలకు ఏ మెరకపై ఏ కాలంలో ఏ చేప దొరుకుతుందో, ఏ గాలికి ఏ నీరు కలుగుతుందో తెలియడం వృత్తిధర్మం. పులికాట్ దీవుల పరిసరాల తెలుగు పలుకుబడిని స. వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' సాహిత్యంలోకి తెచ్చాయి. సరస్సు విషయంలో జరిగిన ఆ పని బయటి సముద్రం విషయంలో ఇంకా జరగవలసి ఉంది. మెరకలకు, సుడులకు, ప్రవాహాలకు మత్స్యకారులు వాడే పేర్ల సేకరణ తెలుగు మాండలిక పరిశోధనకూ, తీరచరిత్రకూ ఒకేసారి ఉపకరించే కృషి.

మూడవ పద్ధతి మనిషి స్వయంగా దిగి చూడటం. 1943లో ఫ్రాన్సులో జాక్ ఈవ్ కూస్తో, ఎమీల్ గాన్యాఁ రూపొందించిన శ్వాసయంత్రంతో ఇది సామాన్యులకూ సాధ్యమైంది. నీటి పీడనానికి అనుగుణంగా గాలిని అందించే ఆ పరికరం నుంచి నేటి స్కూబా విధానం అభివృద్ధి చెందింది. వినోదానికి దిగేవారికి తొలిదశలో 18 మీటర్లు, గరిష్ఠంగా 40 మీటర్లు పరిమితిగా పాటిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ కార్యకలాపం విశాఖపట్నం పరిసరాల రాతితీరంలో రూపుదిద్దుకుంది. తూర్పుకనుమలు సముద్రానికి దగ్గరగా వచ్చే ఆ తీరంలో నీటి అడుగున రాళ్ళు ఉన్నాయి, వాటిని ఆశ్రయించిన చేపలున్నాయి. నెల్లూరు తీరంలో ఒండ్రునీరు చూపును అడ్డుకుంటుంది. కనుక ఇక్కడ స్కూబాను పర్యాటక ఆకర్షణగా ఊహించడం కంటే పరిశోధన సాధనంగా ఊహించడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

కలకనీరు పరిశోధనను అసాధ్యం చేయదని కోరమండల తీరమే నిరూపించింది. గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థలో ఎస్. ఆర్. రావు నేతృత్వంలో 1980లలో బలపడిన సముద్ర పురావస్తు విభాగం ద్వారకతోపాటు పూంపుహార్ వద్ద కూడా అన్వేషణలు జరిపింది. పూంపుహార్ సమీపంలో సుమారు 19 మీటర్ల లోతున గుర్తించిన ఓడశిథిలంలో 18వ శతాబ్దాంతపు ముద్రలున్న సీసపు దిమ్మెలు దొరికాయి. 2002లో మహాబలిపురం ఎదుట మునకగాళ్ళు కట్టడపు అవశేషాలను పరిశీలించారు. శ్రీలంక దక్షిణతీరంలో గోడవాయ వద్ద రెండువేల ఏళ్ళనాటి ఓడశిథిలం శాస్త్రజ్ఞుల కంటే ముందుగా శంఖాలు ఏరే స్థానిక మునకగాళ్ళ కంటపడింది. యంత్రం కంటే ముందు స్థానికజ్ఞానం దారి చూపిన ఈ ఉదాహరణ నెల్లూరు తీరానికి నేరుగా వర్తిస్తుంది.

7. వర్తమానం: మళ్ళీ రేవు ప్రస్తావన

దుగరాజపట్నం పేరు 2014లో మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పదమూడవ షెడ్యూలు అక్కడ ప్రధాన నౌకాశ్రయాన్ని నిర్మించాలని, తొలిదశ 2018 చివరికి పూర్తికావాలని నిర్దేశించింది. శ్రీహరికోట అంతరిక్షకేంద్రం సామీప్యం, పులికాట్ పక్షి అభయారణ్యం, ఆర్థిక లాభదాయకతపై సందేహాలు అడ్డుగా నిలిచాయి. ప్రత్యామ్నాయంగా ఉత్తరాన రామాయపట్నం ముందుకు వచ్చి, అక్కడ 2022లో పనులు మొదలయ్యాయి. ఈలోగా 2008 నుంచి ఆధునిక రూపంలో పనిచేస్తున్న కృష్ణపట్నం రేవు ఈ తీరపు వర్తకాన్ని తనవైపు తిప్పుకుంది. ఇటీవల దుగరాజపట్నం వద్ద నౌకానిర్మాణ సముదాయం ప్రతిపాదన పరిశీలనకు వచ్చింది.

ఈ క్రమంలో 17వ శతాబ్దపు నమూనా పునరావృతమైందని చెప్పవచ్చు. చట్టం పేరు పెట్టి చెప్పినా, ప్రకృతి చాటు ఇచ్చినా, వెనుకభూమి, పాలనాసౌలభ్యం అనుకూలించక రేవు మరొక చోటికి తరలిపోయింది. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. 1640లో వర్తకులు వెళ్ళిపోయినప్పుడు మెరక యథాతథంగా మిగిలింది. నేటి నౌకానిర్మాణం అడుగునేలను లోతుగా తవ్వగలదు. శతాబ్దాలపాటు ఓడలు లంగరు వేసిన చోట పాత లంగర్లు, సమతూకపు రాళ్ళు, పగిలిన ఓడల భాగాలు ఉండే అవకాశాన్ని పరిశీలించకుండా తవ్వకం మొదలైతే, చూడని చరిత్ర చూడకుండానే చెదిరిపోతుంది. నూరేళ్ళకు పైబడి నీటిలో ఉన్న మానవ అవశేషాలను వారసత్వంగా పరిగణించాలని 2001 నాటి యునెస్కో ఒడంబడిక సూచిస్తుంది. భారతదేశం అందులో భాగస్వామి కాకపోయినా, ఆ ప్రమాణాన్ని స్వచ్ఛందంగా పాటించడానికి ఏ అడ్డంకీ లేదు.

8. ముగింపు

పై పరిశీలన ఆధారంగా ఈ కింది అంశాలను ప్రతిపాదించవచ్చు.

ఒకటి, దుగరాజపట్నం చరిత్రను 'మద్రాసుకు ముందుమాట'గా మాత్రమే చూడటం సరికాదు. ఆ రేవు ఉనికికి కారణమైన మునిగిన మెరక ఆంగ్లేయుల రాకకు ముందూ, వారు వెళ్ళిన తరువాతా ఉన్నది. ఆ దీర్ఘకాలిక చరిత్రలో వర్తకశాల పద్నాలుగేళ్ళ ఘట్టం మాత్రమే.

రెండు, ఆశ్రయమన్నది నీరు, న్యాయం, సంత కలిస్తేనే ఏర్పడుతుంది. మోటుపల్లి శాసనాన్ని, చెన్నపట్నం పట్టాను, ఆర్మగాన్ మెరకను ఒకే చట్రంలో చదివినప్పుడు తెలుగు తీరంలోని రేవుల ఎదుగుదల, క్షీణత మరింత స్పష్టంగా బోధపడతాయి. కృష్ణపట్నం తదితర రేవులకు కూడా ఈ చట్రాన్ని అన్వయించి పరీక్షించవచ్చు.

మూడు, చేయవలసిన పనికి ఒక వరుస ఉంది. మొదట మత్స్యకారుల నోట ఉన్న మెరకల పేర్లను, బారల లెక్కలను నమోదు చేయాలి. తరువాత పాత నౌకాపటాలలోని లోతులతో వాటిని సరిపోల్చాలి. ఆపైన ధ్వనితరంగ పరికరాలతో అడుగునేలను పరిశీలించి, అనుమానం కలిగిన చోట్ల మాత్రమే శిక్షణ పొందిన మునకగాళ్ళను దింపాలి. మొదటి పని తెలుగుశాఖలది, రెండవది చరిత్రశాఖలది, మూడవది సముద్రవిజ్ఞాన సంస్థలది. ఏ ఒక్కరూ ఒంటరిగా పూర్తిచేయలేని పని ఇది.

తీరంలో ఏ నిర్మాణం తలపెట్టినా పర్యావరణ నివేదికలో పక్షులకు, చేపలకు ఒక అధ్యాయం కేటాయించే సంప్రదాయం ఇప్పటికే ఉంది. దుగరాజపట్నం వంటి చోట్ల నీటి అడుగున ఉన్న మానవచరిత్రకు కూడా ఒక అధ్యాయం కేటాయించడం న్యాయం. తవ్వకం మొదలయ్యే లోపే ఆ అధ్యాయం రాయగలిగితే ప్రయోజనం ఉంటుంది.